గోస్తని మొగ దగ్గర జంతుప్లవకాలను లెక్కపెట్టిన అనుభవం

భీమిలి బీచ్‌కు వెళ్ళినవాళ్ళు చాలామంది గోస్తని నది సముద్రంలో కలిసే చోటును (మొగను) దూరం నుంచి చూసి వెనక్కి తిరుగుతారు. ఇసుక దిబ్బ, దాన్ని ఒరుసుకుంటూ పోయే నీళ్ళు, ఒడ్డుకు లాగిపెట్టిన పడవలు తప్ప అక్కడ పెద్దగా ఏమీ కనిపించదు. నా పీహెచ్‌డీ పని మాత్రం ఆ నీళ్ళ చుట్టూనే తిరిగింది. నేను వెతికింది కంటికి సరిగా ఆనని జంతువుల కోసం. జంతుప్లవకాలు అంటాం వాటిని. కాస్తో కూస్తో ఈదగలవు గానీ ప్రవాహానికి ఎదురు వెళ్ళలేవు. నీరు ఎటు పోతే అటే వాటి బతుకు. ఇలాంటి మొగల్లో పెద్ద వాటా కోపీపాడ్లది, అంటే రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్న జీవులది. చాలావరకు అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటాయి. వాటితోపాటు రోటిఫర్లు, క్లాడోసెరాన్లు అనే మరికొన్ని చిన్న జీవులు, రొయ్యల పిల్లలు, పీతల పిల్లలు, నత్తల పిల్లలు, చేప గుడ్లు.

ఇవి ఎందుకంత ముఖ్యమని మా ఇంట్లోవాళ్ళే అడిగేవారు. గుడ్డులోంచి బయటికొచ్చిన చేపపిల్లకు ఒంట్లో ఉన్న సొన అయిపోగానే నోట్లో పట్టేంత చిన్న తిండి కావాలి. అది దొరక్కపోతే చచ్చిపోతుంది. ఆ తిండి ఎక్కువగా కోపీపాడ్ల పిల్లలే, అంటే నాప్లియస్‌లు. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో రొయ్యల హేచరీలు కనిపిస్తాయి కదా, అక్కడ పిల్లలకు ఆర్టీమియా అనే చిన్న జీవి గుడ్లను పొదిగి మరీ మేత వేస్తారు. మొగలో ఆ మేత వేసేవాళ్ళు ఎవరూ లేరు. అక్కడ పెరిగే ప్రతి పిల్లా ఈ కంటికి కనిపించని మందమీదే ఆధారపడుతుంది. రేపు వలలో పడే చేప లెక్క ఇక్కడే మొదలవుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల దగ్గర కిందికి దిగి, తాటిపూడి రిజర్వాయరులో ఆగి, సుమారు 120 కిలోమీటర్లు నడిచి భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్ళు విశాఖ నగరానికీ వస్తాయి. వానాకాలం దాటాక మొగ దాకా చేరే మంచినీరు బాగా తగ్గిపోతుంది. అప్పుడు సముద్రానిదే పైచేయి. నైరుతి కాలంలో అలలు తీరం వెంట ఇసుకను ఉత్తరానికి తోస్తుంటాయి. నదిలో ఒరవడి ఉంటే ఆ ఇసుకను చీల్చుకుని దారి చేసుకుంటుంది, లేకపోతే దిబ్బ పెరిగి మొగ సన్నబడుతుంది. ఎన్ని పోట్లకు ఎంత ఉప్పునీరు లోపలికి రావాలన్నది ఆ సందు వెడల్పే తేలుస్తుంది. మొగ ఎంత తెరుచుకుని ఉందో ప్రతిసారీ ఒడ్డున నిలబడి ఫోటో తీసి పెట్టుకునేదాన్ని. చివరికి ఆ ఫోటోలు ఖరీదైన పరికరాల కంటే ఎక్కువ పనికొచ్చాయి.

మొదట మ్యాపు మీద మూడు చుక్కలు పెట్టుకున్నాం. ఒకటి మొగ దగ్గర, ఒకటి మధ్యలో, ఒకటి పైకి చిట్టివలస వైపు. పుస్తకాల్లో ఉన్న పద్ధతి అదే. స్టేషన్ ఒకటి, రెండు, మూడు అని రాసుకుని, నెలనెలా అక్కడికే వెళ్ళి నీరు, ప్లాంక్టన్ (ప్లవకాలు) తెచ్చుకోవడం. మమ్మల్ని పడవలో తీసుకెళ్ళే బాబాయ్‌కి ఈ చుక్కల గొడవ అర్థమయ్యాక ఒక మాట అన్నాడు. "మీరు గడియారం చూసి రాకండమ్మా, నీరు చూసి రండి. పోటు మొదలైందంటే ఇందాక ఇక్కడున్న నీరు ఇక్కడుండదు. అది పైకెళ్ళిపోద్ది. మీరు వల వేసేది వేరే నీటిలో." నా పని మొత్తానికి ఇరుసు ఆ మాటే అయింది. జంతుప్లవకాలు స్టేషన్‌లో ఉండవు, నీటిలో ఉంటాయి. ఆ నీరు రోజుకు రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి కదులుతుంది. విశాఖ తీరంలో అమావాస్య, పున్నమి రోజుల్లో నీరు ఎక్కే పోటుకూ, దిగిపోయే పాటుకూ మధ్య నీటిమట్టం తేడా ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. మధ్య స్టేషన్‌లో పొద్దున పోటు మీద తీసిన శాంపిల్‌కూ మధ్యాహ్నం పాటు మీద తీసినదానికీ పోలిక ఉండకపోవడంలో వింతేమీ లేదు.

ఆ తర్వాత మా గైడ్ మేడంతో కూర్చుని పద్ధతి మార్చాం. చుక్కలు అలాగే ఉంచి, ప్రతి చోటా పోటు మీద ఒకసారి, పాటు మీద ఒకసారి తీయడం. వల వేసే ముందు ఉప్పదనం చూడటం తప్పనిసరి. చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటరు ఉంటుంది. గాజు మీద ఒక్క చుక్క నీరు వేసి, మూత వేసి, వెలుతురు వైపు పట్టి చూస్తే పైన నీలం, కింద తెలుపు, మధ్యలో గీత. ఆ గీత ఏ అంకె మీద ఉంటే అంత ఉప్పదనం. వేసవిలో సముద్రపు నీరు వెయ్యి పాళ్ళకు 33, 34 పాళ్ళ ఉప్పు చూపిస్తుంది. మంచినీరు సున్నా దగ్గర ఉంటుంది. పైనీటితో సరిపెట్టకూడదు. ఉప్పునీరు బరువు కాబట్టి పోటు మొదలైనప్పుడు అడుగునుంచి జారుకుంటూ లోపలికి వస్తుంది. పైన చప్పటి నీరు కిందికి పోతూనే ఉంటుంది, అడుగున ఉప్పునీరు పైకి వస్తూ ఉంటుంది. ఒకే పడవ కింద రెండు దారులు. బరువు కట్టిన బాటిల్‌ను అడుగు దాకా దింపి నీరు తెస్తే తప్ప ఇది తెలియదు.

ఇక వల. దూరం నుంచి చూస్తే పొడుగాటి గరాటులా ఉంటుంది. ముందు గుండ్రటి రింగు, వెనక చివర చిన్న డబ్బా. నైలాన్ జల్లెడ గుడ్డ కన్ను 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో అయిదో వంతు. పెద్ద కోపీపాడ్లకు అది చాలు. కానీ నాప్లియస్‌లు, రోటిఫర్లు ఆ కన్నులోంచి హాయిగా జారిపోతాయి. అందుకని ఇంకా సన్నటి కన్ను వల రెండోది ఉండాలి. మొగల మీద చేసే పనిలో ఒక్క 200 మైక్రాన్ వలతో సరిపెడితే అసలు సగం జనాభాను చూడనట్టే అని నా అభిప్రాయం. వర్షాకాలంలో రాజ్యమంతా రోటిఫర్లదే. వాటిని వదిలేసి "వానల్లో జంతుప్లవకాలు పడిపోయాయి" అని రాస్తే అది నది తప్పు కాదు, వల చేసిన మోసం.

రింగు మధ్యలో ఫ్లోమీటరు వేలాడుతుంది. చిన్న ఫ్యాన్ లాంటిది. నీరు లోపలికి వెళ్తుంటే తిరుగుతుంది, ఎన్ని చుట్లు తిరిగిందో చూపిస్తుంది. దాన్నిబట్టి ఎన్ని మీటర్ల నీరు వలలోంచి పోయిందో లెక్కకడతాం. రింగు వ్యాసం అర మీటరు అనుకుందాం, దాని వైశాల్యం 0.196 చదరపు మీటర్లు. నూరు మీటర్ల నీరు పోతే దాదాపు 20 ఘనపు మీటర్లు, అంటే 20 వేల లీటర్లు వడకట్టినట్టు. మొగలో ఒక సౌకర్యం ఏమిటంటే పడవ లాగక్కర్లేదు. లంగరు వేసి వల పట్టుకుంటే పోటే దాన్ని నింపేస్తుంది.

వల వేసినంత మాత్రాన పని అవదు. వేసవిలో ఒకసారి పోటు మీద వల దింపిన కొద్దిసేపటికే తాడు బిగుసుకుపోయింది. బాబాయ్, నేను ఇద్దరం పట్టినా పైకి రావడం కష్టమైంది. తీరా చూస్తే వల నిండా జెల్లీ ముద్ద. ప్లూరోబ్రాకియా అనే గోళీ సైజు జెల్లీ జీవులు గుంపుగా వచ్చి వల కన్నులన్నీ మూసేశాయి. ఫ్లోమీటరు తిరగడం ఆగిపోయింది. ఆ శాంపిల్‌ను లెక్కలోకి తీసుకోలేం, కానీ వాటి గురించి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. అవి కోపీపాడ్లను తినే జీవులు. అంతకుముందు వారం లక్షణంగా ఉన్న కోపీపాడ్లు ఇప్పుడెందుకు తగ్గాయన్న ప్రశ్నకు ఒక జవాబు ఆ ముద్దలోనే ఉంది.

శాంపిల్‌ను సీసాలో పోసి ఫార్మాలిన్ కలుపుతాం. బజార్లో దొరికే ఫార్మాలిన్‌లో 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. పది పాళ్ళలో ఒక పాలు కలిపితే చివరికి నాలుగు శాతం దాకా వస్తుంది. అందులో ముందే బోరాక్స్ వేసి ఉంచాలి. ఫార్మాలిన్ నిలవుంటే పులుస్తుంది, ఆ పులుపుకు నత్తపిల్లల సున్నపు గుల్లలు కరిగిపోతాయి. బోరాక్స్ వేయని సీసాలో కొన్నాళ్ళ తర్వాత నత్తపిల్లలు ఉన్నాయో లేవో చెప్పలేం. సీసా మీద పెన్సిల్‌తో రాసిన లేబుల్ ఒకటి, లోపల వేసిన లేబుల్ ఒకటి.

నీటిలో ఆక్సిజన్ చూసే పద్ధతి నాకు చాలా ఇష్టం. 1888 నాటి వింక్లర్ పద్ధతి, ఇప్పటికీ అదే నమ్మకం. చిన్న గాజు సీసాలో గాలి బుడగ లేకుండా నీరు నింపి, మాంగనీస్ ద్రావణం, ఆల్కలీ అయోడైడ్ వేసి మూత బిగించి తిప్పితే లోపల మేఘంలాగ అవక్షేపం కడుతుంది. ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు, లేకపోతే తెల్లగా. అది మెల్లగా అడుగుకు దిగుతుంది. పోటు మీద మొగ దగ్గర తెచ్చిన నీటిలో చిక్కటి గోధుమ రంగు వచ్చేది. మొగ సన్నబడిన రోజుల్లో, డ్రైనేజీ నీరు చేరి కదలకుండా నిలిచిన పక్క కాలువ దగ్గర తెచ్చిన నీటిలో రంగు బాగా పాలిపోయేది. ఇంకా ల్యాబ్‌కు వెళ్ళి థయోసల్ఫేట్‌తో అసలు లెక్క తేల్చకముందే, పడవలోనే కళ్ళముందు తెలిసిపోయేది. అలాంటి చోట వలలో పడేవి ఎక్కువగా ఆయిథోనా అనే చిన్న కోపీపాడ్, బ్రాకియోనస్ అనే రోటిఫర్. ఊళ్ళ మురుగు కలిసే నీళ్ళలో తట్టుకుని పెరిగే జాతులుగా వీటికి పేరుంది.

అసలు ఓపిక ల్యాబ్‌లో కావాలి. మొగ శాంపిల్ అంటే కుళ్ళిన ఆకుల ముక్కలు, ఇసుక, నాచు పీచు, వాటి మధ్య జంతువులు. ముందు సన్న జల్లెడలో పోసి ఫార్మాలిన్ కడిగేయాలి. ఆ ఘాటు కళ్ళలోకి వెళ్తే రోజంతా మంట. రోజ్ బెంగాల్ అనే రంగు వేస్తే జంతువులు గులాబీ రంగు పట్టుకుని చెత్తలోంచి విడిగా కనిపిస్తాయి. మొత్తం లెక్కపెట్టడం కుదరదు కాబట్టి ఫోల్సమ్ స్ప్లిట్టర్‌లో వేసి సగం చేస్తాం, ఆ సగాన్ని మళ్ళీ సగం. ఎనిమిదో వంతులో 400 కోపీపాడ్లు లెక్కకు వస్తే మొత్తం 3,200. వడకట్టింది 20 ఘనపు మీటర్లయితే ఘనపు మీటరుకు 160. లెక్క ఇంతే. కానీ ఆ 400లో ఎవరు ఎవరో తేల్చడానికి పొద్దు గూకిపోతుంది.

కోపీపాడ్లలో మూడు గుంపులు విడదీయడం త్వరగానే అబ్బుతుంది. ముందు స్పర్శశృంగాలు (మీసాల్లాంటివి) ఒంటి పొడవుకు దగ్గరగా ఉంటే కలనాయిడ్, మధ్యస్థంగా ఉంటే సైక్లోపాయిడ్, పొట్టిగా ఉంటే హార్పాక్టికాయిడ్. జాతి పేరు చెప్పాలంటే మాత్రం అయిదో జత కాళ్ళు చూడాలి. గ్లిజరిన్ చుక్కలో అకార్టియా అనే కోపీపాడ్ మగదాన్ని ఒకదాన్ని పెట్టి, సన్నటి సూదులతో దాని ఒంటి చివర నుంచి ఆ జత కాళ్ళను ఊడదీసి, కవర్‌స్లిప్ వేసి, మైక్రోస్కోప్ పెంచి చూస్తే కుడికాలు వంగి కొక్కెంలా, ఎడమకాలు వేరే తీరుగా కనిపిస్తుంది. ఆడదాని కాళ్ళు ఇంకో ఆకారం. ఆ చిన్న వంపులోని ముల్లు ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి జాతి మారిపోతుంది. మొదట్లో ఒక్క కాలు సరిగా ఊడదీయడానికే గంటలు పట్టేది. ఆ కాలు స్పష్టంగా కనిపించిన రోజు మేడంను కేకేసి పిలిచాను. ఆవిడ వచ్చి చూసి, "ఇప్పుడు నువ్వు ప్లాంక్టన్ మనిషివి అయ్యావమ్మా" అన్నారు.

సంవత్సరం తిరిగేసరికి లెక్కల్లో ఒక తీరు కనిపించింది. వేసవిలో సాజిట్టా, ఒయికోప్లూరా, ఇవాడ్నె లాంటి అచ్చమైన సముద్రపు జీవులు పోటు మీద మధ్య స్టేషన్ దాకా వచ్చేవి. ఒక సాజిట్టా కడుపులో మింగిన కోపీపాడ్ అలాగే పొడుగ్గా కనిపించేది, అది పారదర్శకంగా ఉంటుంది కాబట్టి కోయకుండానే తెలిసిపోతుంది. వానలు దిగాక పైనుంచి మొయినా, డయాఫనోసోమా, కెరటెల్లా లాంటి మంచినీటి జీవులు కిందికి వచ్చేవి. వీటి మధ్యలో, కలగలిసిన నీటిలో కుదురుగా బతికేవి అకార్టియా, సూడోడయాప్టొమస్ లాంటి కోపీపాడ్లు. వాటికి ఉప్పు పెరిగినా తగ్గినా కొంతవరకు ఫర్వాలేదు. మొగకు అసలు కాపురస్థులు ఇవే అనిపించింది నాకు, మిగతావి వచ్చిపోయే జనం.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. వరద రోజుల్లో మధ్య స్టేషన్‌లో మంచినీటివీ సముద్రపువీ రెండూ పడేవి. జాతుల వైవిధ్యాన్ని కొలిచే షానన్ సూచిక ఆ శాంపిల్‌కు ఎక్కువ వచ్చేది. కాగితం మీద చూస్తే అది చాలా ఆరోగ్యకరమైన చోటు. నాకు అనుమానం వచ్చింది. ఫార్మాలిన్ పోయకముందు శాంపిల్‌లో న్యూట్రల్ రెడ్ అనే రంగు కలిపి కాసేపు ఉంచితే బతికున్న జీవులు ఎర్రగా రంగు పట్టుకుంటాయి, చచ్చినవి పాలిపోయి ఉండిపోతాయి. దీన్ని త్వరగా చూసేయాలి. అలా చూస్తే, ఉప్పునీటిలోకి కొట్టుకొచ్చిన మొయినాల్లో చాలావరకు తెల్లగా పడి ఉన్నాయి. అంటే ఆ వైవిధ్యంలో కొంత భాగం శవాలే. మామూలు ఫార్మాలిన్ సీసాలో చచ్చి చేరినదానికీ, వలలో పడ్డాక చచ్చినదానికీ తేడా తెలియదు. నది మొగల మీద వచ్చే వైవిధ్యపు అంకెలను అప్పటినుంచి నేను ఉప్పదనంతో కలిపి చూడకుండా చదవడం మానేశాను.

అక్టోబరు ఇంకో పాఠం. వానలు తగ్గుముఖం పట్టినా మొగ దగ్గర నీరు ఇంకా తక్కువ ఉప్పగానే ఉంది. గోస్తని నీరే అనుకోవడం సులువు. కానీ దిబ్బ అవతల సముద్రంలో తీసిన నీరు కూడా పలచగానే ఉంది. ఆ కాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది మోసుకొచ్చిన మంచినీరు తీరం వెంట ప్రవాహంతో దక్షిణానికి దిగుతుంది. విశాఖ ముందున్న సముద్రమే చప్పబడుతుంది. వేసవి మొదట్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. నైరుతి గాలి తీరానికి సమాంతరంగా వీస్తూ పైనీటిని సముద్రంలోకి నెడితే, అడుగునుంచి చల్లటి, పోషకాలున్న ఉప్పునీరు పైకి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి ఇక్కడి సముద్రాన్ని చదివిన యూజీన్ లాఫాండ్ కాలం నుంచీ ఈ సంగతి తెలిసిందే. కాబట్టి మొగలో ఏం జరుగుతోందో చెప్పాలంటే నది వైపు ఎంత చూడాలో సముద్రం వైపూ అంత చూడాలి. అలలు దాటి బయటికెళ్ళి శాంపిల్ తేవడం టెన్షన్‌తో కూడిన పని. కానీ అది లేకపోతే అక్టోబరు లెక్కంతా గోస్తని ఖాతాలో తప్పుగా పడేది.

పట్టికలు వేసే సమయానికి మేడంకూ నాకూ కాస్త వాదన జరిగింది. స్టేషన్ల వారీగా, నెలల వారీగా వేయడం అలవాటు. నేను ఉప్పదనం వారీగా వేస్తానన్నాను: సున్నా నుంచి 5, 5 నుంచి 18, 18 నుంచి 30, ఆపైన. శాంపిల్ ఎక్కడ తీశామన్నది పక్క గడిలో. ఆవిడ రెండూ వేసి చూపించమన్నారు. స్టేషన్ల పట్టికలో అకార్టియా ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ, అర్థం పర్థం లేకుండా ఉంది. ఉప్పదనం పట్టికలో అది మధ్య గడుల్లో నిలకడగా ఉంది. అది చోటు మారుతోంది గానీ తనకు కావలసిన నీటిని వదలడం లేదు. మేడం రెండో పట్టికనే ముందు పెట్టమన్నారు.

మిగిలిపోయిన పని మొగ బాగా సన్నబడే రోజులది. అకార్టియాలో కొన్ని జాతులు పరిస్థితి బాగోలేనప్పుడు నిద్రాణ గుడ్లు పెడతాయి. అవి బురదలో కూరుకుని, తమకు సరిపడే నీరు వచ్చాక పొదుగుతాయి. వేసవి చివర్లో మధ్య స్టేషన్ అడుగు బురదను పైపొర, లోపొర విడివిడిగా తెచ్చి, వేర్వేరు ఉప్పదనాల నీటిలో ఉంచి, ఏ నీటిలో ఎన్ని నాప్లియస్‌లు బయటికొస్తాయో చూడాలని ప్లాన్ వేసుకున్నాం. బురద తీసే గొట్టాలు సిద్ధంగా ఉన్నాయి. పాటు బాగా దిగిపోయే రోజు ఏదో బాబాయ్‌ని అడిగి ఆ రోజే వెళ్తాం.